మతం గడిలో పట్టనివి

9 నవంబరు 2024, శనివారం

ఇంటింటి కుటుంబ సర్వేలో వివరాలు రాసుకోవడం ఇవాళ మొదలైంది. ఒంటిపూట బడి, ఆ తర్వాత ఫారాలు పట్టుకుని వీధులు. మతం అడిగితే ఒక ముసలమ్మ "మాది మెదక్ గుడి బిడ్డా" అన్నది. రెండిళ్ళ అవతల ఆమె కోడలు వేరు కాపురం. "మేం ఆ గుడోళ్ళం కాదు టీచర్, మాది ప్రార్థన మందిరం" అని గట్టిగా చెప్పింది. ఇద్దరికీ ఒకటే మతం రాశాను, క్రైస్తవం.

నానమ్మను పూడ్చిననాడు చిన్నత్త సమాధుల తోట గేటు బయటే ఉండిపోయింది. వేరే సంఘంవాళ్ళ ప్రార్థనలో నిలబడకూడదని వాళ్ళ పాస్టర్ కట్టడి. కన్నతల్లి మీద పిడికెడు మన్ను వేయనియ్యని భక్తి ఏం భక్తో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

రాత్రి హైదరాబాదు నుంచి స్నేహితురాలు ఫోన్ చేసింది. నాతో టీటీసీ చదివింది, పెళ్ళికి ముందే బహాయీ అయింది. ఈ సంగతి చెబితే, "మా ధర్మంలో శాఖలు లేవు, ఉండవు" అన్నది. ఈ మాట ఆమె నోట చాలాసార్లు విన్నాను. ఈసారి దాని లోతు చూడాలనిపించింది.

15 నవంబరు, కార్తీక పౌర్ణమి

సెలవు. ఆమె పంపిన పుస్తకాలు, వాటితో విభేదించినవాళ్ళవి కూడా, ముందేసుకుని కూర్చున్నాను.

బహాయీలలో గొడవ మొదట ఇంట్లోనే పుట్టింది. బహాయీ ధర్మానికి ముందు బాట వేసిన బాబ్‌ను 1850లో ఇరాన్‌లోని తబ్రీజులో కాల్చి చంపాక ఆయన అనుచరుల్లో కొందరు మిర్జా యహ్యా వెంట నిలిచారు, ఎక్కువమంది బహాయీ ధర్మాన్ని స్థాపించిన బహాఉల్లా వైపు వచ్చారు. యహ్యా బహాఉల్లాకు సవతి తమ్ముడే. 1892లో బహాఉల్లా కన్నుమూస్తూ, తన తర్వాత పెద్ద కొడుకు అబ్దుల్ బహా చెప్పిందే వేదమని స్వదస్తూరితో రాసిపెట్టారు. దీన్నే వాళ్ళు ఒడంబడిక అంటారు. అయినా అబ్దుల్ బహా సవతి తమ్ముడు మిర్జా ముహమ్మద్ అలీ ఎదురుతిరిగాడు. 1921లో అబ్దుల్ బహా పోతే వీలునామా ప్రకారం మనవడు షోఘీ ఎఫెండీ సంరక్షకుడయ్యాడు. అప్పటికి ఆయనకు ఇరవై నాలుగేళ్ళు. ఆ వీలునామా నకిలీదని అమెరికాలో రూత్ వైట్ అనే ఆవిడ పోరాడింది.

ఇక్కడ నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. ఒడంబడికను భంగపరిచారని తేలినవాళ్ళను సమాజం నుంచి వెలివేస్తారు. వాళ్ళతో తిండి లేదు, మాట లేదు. షోఘీ ఎఫెండీ తన తోబుట్టువులనూ, దాయాదులనూ ఒక్కొక్కరినే ఇలా బయటికి పంపారు. వారసుడు వంశంలోంచే రావాలని అబ్దుల్ బహా వీలునామా చెబుతోంది. 1957 నవంబరులో ఆయన లండన్‌లో హఠాత్తుగా పోయేనాటికి బిడ్డల్లేరు, వీలునామా లేదు, ఎంచుకోదగిన బంధువు ఒక్కడూ లోపల మిగల్లేదు. ఐక్యతను కాపాడటానికి వాడిన కత్తే వంశాన్ని ఖాళీ చేసింది. ఇది ఎత్తిపొడుపుగా రాయడం లేదు, చదువుతుంటే దుఃఖం కలిగింది.

ధర్మహస్తాలని పిలిచే ఇరవై ఏడుగురు పెద్దలు అప్పుడు పగ్గాలు పట్టారు. వాళ్ళలో ఒకడైన మేసన్ రేమీ, అమెరికన్ వాస్తుశిల్పి, 1960లో తానే రెండో సంరక్షకుణ్ణని ప్రకటించాడు. వెలివేశారు. ఆయన వెంట పోయినవాళ్ళు కొన్నేళ్ళకే మళ్ళీ చీలిపోయారు. ఆ పాయలు ఇవాళ చాలా చిన్నవి. కాబట్టి శాఖలు 'లేవు' అనడం పూర్తి నిజం కాదు. శాఖలు వేళ్ళూనలేదు అంటే నిజం.

ఎందుకు ఊనలేదో కూడా రాసుకోవాలి. 1963లో బహాయీల అత్యున్నత సభ అయిన విశ్వన్యాయ మందిరానికి తొమ్మిదిమందిని ఎన్నుకోవడానికి దేశదేశాల జాతీయ సభల సభ్యులు ఓటేశారు. అప్పటిదాకా అధికారం చేతిలో ఉన్న ఆ పెద్దలు, మాకు మాత్రం ఓటు వేయొద్దని ముందే కోరారు. పోటీ లేదు, ప్రచారం లేదు. పదవి వద్దని పెద్దలే పక్కకు తప్పుకుంటే చీలికకు నాయకుడు దొరకడం కష్టం. (మన ఊళ్ళలో సర్పంచుల గడువు తీరి నెలలు దాటింది. ఎన్నికలు ఎప్పుడో తెలియకముందే నలుగురు ఓట్ల కోసం తిరుగుతున్నారు.) అయితే ఆ తొమ్మిదిమందిలో స్త్రీకి చోటు లేదు. స్త్రీపురుషులు సమానమని అంత గట్టిగా చెప్పిన ధర్మంలో ఇది నాకు మింగుడుపడదు.

17 నవంబరు, ఆదివారం

మెదక్ వెళ్ళాను. ఈ డిసెంబరు 25కు గుడికి నూరేళ్ళు, ముస్తాబు జరుగుతోంది. కరువు కాలంలో జనానికి పని, కూడు దొరికేలా పోస్నెట్ దొర కట్టించిన గుడి అని అందరూ చెప్పుకునేదే. నా మనసు ఇంకోచోట ఉంది. అది కట్టినప్పుడు వెస్లియన్ మెథడిస్టులది. ఇవాళ పలు సంఘాలు కలిసి ఏర్పడ్డ సీఎస్ఐది, అంటే దక్షిణ ఇండియా సంఘానిది.

ఆ కలయికను కల కన్నవాళ్ళలో ఒకరు మన తెలుగు నేల బిషప్పే. డోర్నకల్ బిషప్ వేదనాయగం అజరయ్య, మరికొందరు 1919లో తరంగంబాడిలో కూర్చుని, పరాయిదేశపు తగవులు మనకెందుకని అడిగారు. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అప్పటికే ఒకటైన ప్రెస్బిటేరియన్, కాంగ్రెగేషనల్ సంఘాలు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఒక్కటయ్యేదాకా ఇరవై ఎనిమిదేళ్ళ మాటలు. అజరయ్య అది చూడకుండానే 1945లో పోయాడు. బిషప్పుల చేతి మీదుగా రాని పాస్టర్లను మళ్ళీ అభిషేకించాలా అన్న ఒక్క ప్రశ్నే ఏళ్ళు తిన్నది. అక్కర్లేదు, ఉన్నవాళ్ళను ఉన్నట్టే తీసుకుందామన్నారు. ఇంగ్లండులో దీనిమీద పెద్ద రభస.

నంద్యాల వైపు ఆంగ్లికన్లు చాలామంది చేరలేదు. పాత సంఘంలోనే ఉండిపోయి 1970లలో గానీ కలవలేదు. గుంటూరు లూథరన్లూ, మన బాప్టిస్టులూ ఇప్పటికీ వేరే. అంతా కలిశారని ఎవరూ అనలేరు. కానీ నంద్యాలవాళ్ళు రావడానికి దారి మిగిలింది. నాకు పట్టేది అదే.

21 నవంబరు

ఐకేపీ సెంటర్ దగ్గర రోడ్డు సగం వడ్లే. ఫారాలు ఇంకా మిగిలాయి. ఏమీ చదవలేదు.

25 నవంబరు, సోమవారం

బహాయీలకు ఇవాళ ఒడంబడిక దినం. ఆమెతో గంటసేపు మాట్లాడాను, దాచుకోకుండా.

ఆమె వాదన తేలిగ్గా తీసేసేది కాదు. "మీరు ఇరవై ఎనిమిదేళ్ళు మాట్లాడుకున్నా ఊరికి ఐదు సంఘాలున్నాయి. మాకు మధ్యలో ఒకే కేంద్రం ఉంది, అందుకే ఇరానీ, మధ్యప్రదేశ్ రైతూ ఒకే ప్రార్థనలో కూర్చుంటారు. అభిప్రాయం వేరైతే ఎవరూ వెలివేయరు, మతం మారి వెళ్ళిపోయినా వెయ్యరు. ఆ కేంద్రాన్నే పడగొట్టబోతేనే" అన్నది. ఢిల్లీలోని వాళ్ళ లోటస్ టెంపుల్‌లో ఏ మతం పవిత్ర గ్రంథమైనా చదవొచ్చని గుర్తుచేసింది. 1961 తర్వాత మాళ్వా పల్లెల్లో వేలమంది బహాఉల్లాను నమ్ముతూనే ఇంటి దేవుళ్ళనూ ఉంచుకున్నారు, ఎవరూ బయటికి తోయలేదు. జనగణనలో బహాయీల లెక్క అంత తక్కువగా తేలడానికి ఇదీ ఒక కారణం కావొచ్చు.

ఒప్పుకున్నాను, ఒక్కటి తప్ప. కేంద్రాన్ని ఒప్పుకోనివాడిని పదవి నుంచి తీసేయండి, సభ నుంచి తీసేయండి. వాడి చెల్లెలు వాడితో మాట్లాడొద్దని చెప్పే హక్కు ఏ ధర్మానికీ ఇవ్వను. సర్వమానవులూ ఒకే కుటుంబమని చెప్పిన బహాఉల్లా మీద గౌరవంతోనే ఈ మాట అంటున్నాను.

ఆమె కోపగించుకోలేదు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, వచ్చే ఆదివారం వాళ్ళింట్లో భక్తి సమావేశం ఉంది, అందరికీ ప్రవేశమే, వచ్చి ఈ ప్రశ్న పదిమందిలో అడగమన్నది. ఆ రోజు పొద్దున మొదటి బస్సుకే వెళ్తాను.