నడుం వంగిన ఓమ్నీకి కమాను కట్టు!

సమ్మెట చప్పుడు వినిపిస్తోందంటే బెజవాడ ఆటోనగర్ వచ్చేసినట్టే! లారీలకు బాడీలు కట్టే ఈ పేటకు పాత మారుతీ ఓమ్నీలూ వస్తుంటాయి. 1984లో రోడ్డెక్కి, 2019లో తయారీ ఆగిపోయిన బండి అది. ఉన్నది 796 సీసీ ఇంజినే. అయినా వెనక సీట్లు పీకేసి కూరగాయలో, నీళ్ల క్యాన్లో వేసుకు తిరిగేవాళ్లకు కూడు పెట్టేది అదే. ఏళ్లతరబడి బరువు మోసీ మోసీ వెనక కమాను కట్టలు చదునైపోతాయి. స్పీడ్‌బ్రేకర్ వస్తే బండి అడుగు గీరుకుంటుంది.

కొందరు ఓనర్లు ఇంటిదగ్గరే యూబోల్టులు విప్పి, రెండు కట్టలూ గోనెసంచిలో చుట్టి స్కూటర్ మీద తెచ్చేస్తారు. ఇక్కడ పట్టీలు విడదీసి, ఒక్కోదాన్నీ కొట్టి మళ్లీ వంపు తెస్తారు. విరిగినదాని చోట కొత్తది వేస్తారు. అరిగిన బుష్‌లూ మార్చాల్సిందే. ఇంకాస్త ఎత్తు కోసం అదనపు పట్టీ అడిగేవాళ్లూ ఉన్నారు. బండి లేస్తుంది, నిజమే... ఖాళీగా వెళ్తే మాత్రం గుంత గుంతకీ నడుం పట్టేస్తుంది! మరీ ఎత్తితే షాకబ్జార్బర్ సాగిపోతుంది, బ్రేకు గొట్టం లాగేస్తుంది. పాత ఎత్తు తిరిగొస్తే చాలు.

ఇంట్లో బిగించుకునేటప్పుడు ఒక్క జాకీని నమ్మి బండి కిందికి దూరకూడదు, స్టాండ్లు పెట్టాలి. కొన్నాళ్లు తిరిగాక యూబోల్టులు మరోసారి బిగించుకోవాలి.