పాత కంప్యూటరు, పెళ్లిళ్ల పట్టీ

మా ఇంటిలోని కంప్యూటరు 2013లో కొన్నది. అది విండోస్ 7తో వచ్చింది. ఉచితముగా ఇచ్చిన దినాలలో విండోస్ 10కి మార్చుకొన్నాము. 2025 అక్టోబరు 14తో ఆ విండోస్ 10కి మైక్రోసాఫ్టు వారి సాధారణ సహాయము ముగిసింది. ముగిసినదనగా యంత్రము ఆగిపోయినదని కాదు. కొత్తగా బయటపడే లోపాలకు మరమ్మతులు రావు గనుక, ఇంటర్నెట్టుకు కలిపి వాడేవారికి రోజురోజుకు అపాయము పెరుగుతుంది. నమోదు చేసుకొన్నవారికి 2026 అక్టోబరు 13 వరకు గడువిచ్చారు గాని, గడువు గడువే.

విండోస్ 11కి పోదామంటే దానికి టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ప్రాసెసరు కొత్త తరముదై యుండాలి. మా దానికి రెండూ లేవు. దొడ్డిదారిన ఎక్కించేవారున్నారు, అట్లు ఎక్కించినదానికి మరమ్మతులు వచ్చునని కంపెనీ హామీ ఇవ్వదు. అది మాకు నచ్చలేదు.

"పాస్టరుగారూ, ఇది పాత ఇనుముకు వేసి కొత్తది కొనండి" అన్నాడు దుకాణము కుర్రవాడు. మా ఇల్లాలు వెంటనే, "మరి పెళ్లిళ్ల పట్టీ ఏమవుతుందండీ?" అన్నది. మా భయము కూడ అదే. సంఘములో జరిగిన వివాహాల పాత పుస్తకమును చెదలు తిన్నది. అంతకుముందే దానిని పట్టణములో డి.టి.పి. చేయించి యుంచాము గనుక ఆ పేర్లు, తేదీలు మిగిలాయి. ఏదో కాగితము కొరకు తమ పెళ్లి తేదీ అడుగుచు ఇప్పటికీ ముసలివారు వస్తుంటారు.

ఆ పట్టీ పేజీమేకరులో అను ఫాంట్లతో కొట్టినది. పాత ఫాంట్ల సంగతి కొందరికే తెలుసు. మన కంటికి తెలుగుగా కనబడేది యంత్రమునకు తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు తెలుగు బొమ్మ తొడిగినట్టుంటుంది. ఆ ఫాంటు లేనిచోట "మరియమ్మ" అన్న పేరు అర్థము లేని గీతల వరుస. యూనికోడులోనైతే ప్రతి తెలుగు అక్షరమునకు దాని సంఖ్య దానికే యున్నది. యంత్రము మారినను అక్షరము మారదు.

కాబట్టి ముందు విండోస్ ఉండగానే ప్రతి పేజీని పి.డి.ఎఫ్.గా దాచాము. అన్నిటిని రెండు పెన్‌డ్రైవులలోకి ఎక్కించి, ఒకటి మా తమ్ముని ఇంట ఉంచాము. తరువాత మా అబ్బాయి ఉచితముగా దొరికే లినక్సు మింటును మరియొక పెన్‌డ్రైవు నుండే నడిపి చూపాడు. డిస్కును ముట్టకుండానే ప్రింటరు పని చేస్తున్నదో లేదో ఇట్లు తెలుసుకోవచ్చు. మాకున్న 4 జి.బి. మెమరీ దానికి సరిపోయింది. పాత డిస్కు తీసి ఎస్.ఎస్.డి. బిగించాము. వేగము సంగతి చెప్పనక్కరలేదు. టీ కాచుకొని వచ్చే లోపల తెరుచుకొనేది ఇప్పుడు కూర్చొనే లోపలే తెరుచుకొంటున్నది.

పేజీమేకరు లినక్సులో నేరుగా నడవదు. అందుకే ముందుగానే విడిగా తీసి పెట్టుకొన్న ఆ రాతను యూనికోడులోకి మార్చు ప్రోగ్రాములో వేశాము. మార్చింది గాని, ఒత్తులు అక్కడక్కడ తప్పిపోయాయి. ఇంటి పేరులో ఒత్తు పోతే కుటుంబమే మారిపోతుంది గదా! రాత్రి భోజనాలైన తరువాత ఆమె పి.డి.ఎఫ్. చూచి పేర్లు చదువుతుంది, మేము తెర మీద దిద్దుతాము. 1994 వరకు అయినవి. పాత డిస్కు గుడ్డలో చుట్టి బీరువాలో ఉన్నది. పట్టీ ముగిసేవరకు దానిని ఎవరికీ ఇవ్వము.