7,805 మజిలీలు... ఒక్క నౌకా పోకుండా!

పాస్‌పోర్టు అక్కర్లేదు. పక్కన తోడు లేరు. వెళ్లి రమ్మని ఎవరూ అడగలేదు. అయినా ఓ బాటసారి దాదాపు పదేళ్లు తిరిగి తిరిగి, ఓ లోకంలోని 7,805 నక్షత్ర మండలాలనూ చూసొచ్చింది. పేరు కటియా సే.

ఆ లోకం పేరు న్యూ ఈడెన్. అదెక్కడో ఆకాశంలో లేదు, కంప్యూటర్‌లో ఉంది! ఐస్‌లాండ్ రాజధాని రెక్యావిక్‌లోని సీసీపీ అనే కంపెనీ 2003 మేలో విడుదల చేసిన 'ఈవ్ ఆన్‌లైన్' ఆట అది. చైనాకు మాత్రం వేరే ఏర్పాటు. మిగతా దేశాల్లో ఎక్కడ కూర్చుని ఆడినా అందరూ కలిసేది ఆ ఒక్క లోకంలోనే. అక్కడ వ్యాపారులున్నారు, గనులు తవ్వేవాళ్లున్నారు, దారికాచి దోచుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్ల వెనకున్నది నిజం మనుషులే. నౌక పేలిపోయిందా... పోయినట్టే. మరొకటి కొనుక్కోవాలి.

ఇలాంటి చోట ఓ వ్యక్తి కటియా అనే పాత్రతో 2009లో ప్రయాణం మొదలెట్టారు. వెళ్లగలిగిన ప్రతి మండలాన్నీ చూడాలన్నది పంతం. రోజుకు రెండు చొప్పున చూసినా పదేళ్లు దాటే లెక్క! ఒక్క నౌక కూడా పోకూడదన్నది ఆ పైన మెలిక.

గేటు దాటితే గండమే

న్యూ ఈడెన్‌లో ఓ మండలం నుంచి మరోదానికి వెళ్లాలంటే గేట్లు దాటాలి. ప్రతి మండలానికీ భద్రతను బట్టి మార్కులుంటాయి. 1.0 ఉన్నచోట కాస్త నిశ్చింత. అయితే అక్కడా పోలీసులు ముందుగా వచ్చి కాపాడరు, దాడి చేసినవాణ్ని శిక్షిస్తారంతే. మార్కులు సున్నాకో, అంతకన్నా కిందికో పడితే ఆ పోలీసులూ ఉండరు. అక్కడ గేటు దగ్గరే బుడగలాంటి వల పన్ని ముఠాలు కాచుకుని ఉంటాయి. అందులో చిక్కిన నౌక వేగమందుకుని పారిపోలేదు.

ఒక్కటే ఊరట. గేటు దాటిన నౌక కదలకుండా ఉంటే నిమిషంపాటు ఎవరికీ కనిపించదు. ముందుకా, వెనక్కా? ఆ నిమిషంలోనే తేల్చుకోవాలి. ఇలాంటి గేట్ల దారిలో చూడాల్సినవే 5,200కు పైగా మండలాలు.

పటం లేని దారులు

అసలు పరీక్ష మిగతా 2,600 మండలాల్లో ఉంది. 2009 మార్చి నుంచి ఆటలో చేర్చుతూ వచ్చిన వార్మ్‌హోల్ ప్రాంతాలివి. గేట్లుండవు. వెతికితే ఓ రంధ్రం దొరుకుతుంది. అదే దారి. అదీ చాలాసార్లు ఒకరోజుకు మించి ఉండదు. పెద్ద నౌకలు నాలుగు దాటితే ముందే మూసుకుపోనూవచ్చు. గేట్లున్నచోట ఎవరెవరు తిరుగుతున్నారో జాబితా కనిపిస్తుంది. ఇక్కడ ఎదుటివాళ్లు పలకరిస్తేనే పేరు తెలుస్తుంది. మాటు వేసినవాడు పలకరిస్తాడా?

పైగా ఫలానా చోటికి వెళ్దామని బయల్దేరడం కుదరదు. ఏ తలుపు ఎక్కడికి తెరుచుకుంటుందో తెలీదు. మొదట్లో ఏది తీసినా కొత్త చోటే. జాబితా నిండేకొద్దీ మాత్రం చూసినవే ఎదురవుతాయి, చూడాల్సినవి దొరకవు.

భయమూ అలాగే పెరుగుతుంది. పదో మజిలీలో నౌక పోతే నవ్వుకుని మళ్లీ మొదలెట్టొచ్చు. మరి ఏడువేలు దాటాక పోతే? ఏళ్ల తరబడి కాపాడుకున్న రికార్డు క్షణాల్లో బూడిదే!

కత్తి పట్టకున్నా కీర్తే

2019లో ఆఖరి మండలమూ చూడటం పూర్తయింది. ఒక్క నౌకా పోలేదు. చేతిలో మిగిలినవి దారి పొడవునా తీసుకున్న ఫొటోలు.

యుద్ధాలకు పేరుపడ్డ లోకమది. 2014 జనవరిలో జరిగిన ఒక్క పోరులోనే దాదాపు 3 లక్షల డాలర్ల విలువైన నౌకలు నాశనమయ్యాయని అంచనా వేశారు. అలాంటి చోట, ఊరూరూ చూసొచ్చిన కటియాకు ఆట తయారుచేసిన కంపెనీయే విగ్రహం పెట్టింది.

ఈ పందేనికి ఎవరూ బహుమతి ప్రకటించలేదు. మధ్యలో మానేస్తే అడిగేవాళ్లూ లేరు. అడిగేవాళ్లు లేనప్పుడు కూడా మాట తప్పకపోవడమే ఈ యాత్ర గొప్పదనం.

అన్నట్టు, ఈసారి మీ అబ్బాయి కంప్యూటర్ ముందునుంచి కదలకపోతే కసురుకునే ముందు 'ఎక్కడున్నావురా?' అని అడిగి చూడండి. చాలా దూరమే వెళ్లి ఉండొచ్చు!