సుల్తానుల పక్షమా, వీరన్సు పక్షమా?

2005వ సంవత్సరమున పుట్టి, 2008తో అంతరించిన ‘హైదరాబాదు సుల్తానులు’ అను హాకీ జట్టును నేడు హైదరాబాదువారే స్మరించుట యరుదు. కోవిల్‌పట్టి తెలుగువారమైన మేము దానిని మరువకుండుటకు కారణము వేరు. అగ్గిపెట్టెలకును కడలమిఠాయికిని మా యూరికెంత పేరో, హాకీకిని అంత పేరు. అట్టి యూర ఆ జట్టు మా యిండ్లలో తగవు పెట్టినది.

భారత హాకీ సమాఖ్యయు, ఈ.ఎస్.పి.ఎన్.–స్టార్ టెలివిజను సంస్థయు గలసి 2005 జనవరిలో ప్రీమియర్ హాకీ లీగును ప్రారంభించిరి. ఆటగాండ్రలో పెక్కుమంది రైల్వేలు, విమాన సంస్థలు, పోలీసు శాఖలలో కొలువున్నవారే. కొన్ని వారములు లీగున కాడి, పారితోషికము గైకొని, మరల కొలువులకు బోయెడివారు. కావున వీనిని సగము వృత్తి జట్టులనుటయే సమంజసము. మొదటి శ్రేణిలో ఐదు జట్లు. అందు చెన్నై వీరన్సును గలదు, హైదరాబాదు సుల్తానులును గలరు.

ఇంటి మాట తెలుగు, వీధి మాట తమిళము. ఇక పక్షమెవరిది వహింపవలెను? పిల్లలు వీరన్సు వైపు, పెద్దలు సుల్తానుల వైపు. నిజమునకు మాలో పెక్కు కుటుంబముల పూర్వులు విజయనగర కాలముననే ఈ రేగడి నేలకు వచ్చిరని పెద్దల వాక్కు. అప్పటికి 1591లో వెలసిన హైదరాబాదు పుట్టనే లేదు! అయినను ఆ పేరు వినబడగానే పెద్దలకు పుట్టినింటి మాట వినబడినట్లుండెడిది. ఇడైసెవల్ కి. రాజనారాయణన్ గారి ‘గోపల్ల గ్రామము’ చదివినవారికి ఈ మమకారమును విప్పి చెప్పనక్కరలేదు.

ఆ సందడిలో మా పెద్దవ్వ యొక ప్రశ్న వేసినది: “ఏమిరా, ఆ సుల్తానుల్లో మనోడు ఎవుడుండాడు?”

జవాబు చెప్పుట కష్టమైనది. నాయకుడు దిలీప్ తిర్కీ ఒడిశా సుందర్‌గఢ్ వాడు. పెనాల్టీ కార్నరులను గోలులుగా మార్చుటలో దిట్టయైన సొహైల్ అబ్బాస్ పాకిస్తానువాడు. ఇద్దరును మహా క్రీడాకారులే, సందేహము లేదు. ఆ యేడు పోటీలు గచ్చిబౌలి మైదానమున జరుగగా, షేర్-ఎ-జలంధర్ జట్టును ఓడించి సుల్తానులే విజేతలైరి. పెద్దలు మిఠాయి పంచిరి. పెద్దవ్వయు తినినది, కాని ప్రశ్నను విడువలేదు.

ఆ లీగులో ఆటను రెండు సగములుగా గాక నాలుగు భాగములుగా, భాగమునకు పదునేడున్నర నిమిషముల చొప్పున ఆడిరి. అంతర్జాతీయ సమాఖ్యయు 2014లో పదునైదు నిమిషముల నాలుగు భాగములను స్వీకరించినది. 2008లో మన దేశము 80 ఏండ్లలో తొలిసారిగా ఒలింపిక్సునకు అర్హత గోల్పోయినది. ఏప్రిలులో ఒలింపిక్ సంఘము హాకీ సమాఖ్యను తొలగించినది. లీగు నిలిచినది. సుల్తానులకై యెవరును కంటనీరు పెట్టిన జాడ లేదు.

ఎట్లు పెట్టుదురు? లీగు పోటీలు ఏటేట ఒకటి రెండు నగరములకే పరిమితములు. ఊరి పేరు చొక్కాపై నుండెను గాని, ఆ చొక్కాకు ఊరి మట్టి అంటలేదు. మా యూర పిల్లలు బడి విడువగానే కర్రలు పట్టుకొని మైదానమునకు బరుగెత్తుదురు. లక్ష్మీ అమ్మాళ్ స్మారక పోటీలకు ఎక్కడెక్కడి జట్లో వచ్చును. ఓడినవాని యిల్లెక్కడో కూడ ప్రేక్షకుడు విచారించును. 2022లో మా యూరి మారీశ్వరన్ భారత జట్టున ఆసియా కప్పు ఆడి, జకార్తానుండి కాంస్యముతో వచ్చినప్పుడు, ఆతని మాతృభాష యేదని మా వీధిలో నెవరును అడుగలేదు.

2013లో మొదలై 2017తో ఆగిన హాకీ ఇండియా లీగు 2024 డిసెంబరులో తిరిగి ప్రారంభమైనది. ఈసారి హైదరాబాదు తూఫాన్సు, తమిళనాడు డ్రాగన్సు. పురుషుల పోటీలు రూర్కెలా, రాంచీలలో జరిగినవి. హైదరాబాదు తుదిపోరు వరకు బోయి 4–3తో బెంగాలు చేత నోడినది. నాటి పిల్లలు నేడు తండ్రులు. వారిలో సగముమంది తూఫాన్సు పక్షము జేరిరి. వారి పిల్లలు మాత్రము డ్రాగన్సు వైపే.