కొబ్బరి నూనె గడ్డకట్టే రోజులు

నవంబర్ నడిమికి వచ్చేసరికి మా అంగన్‌వాడీ టైంటేబుల్‌ను ఎండే నడిపిస్తుంది. గోడకు అంటించిన కాగితంలో పొద్దున ముచ్చట్లు, తర్వాత ఆటలు, కథ, అన్నం, నిద్ర అని వరుసగా రాసి ఉంటుంది. చలికాలంలో ఆ వరుస సాగదు. ఆదిలాబాద్ జిల్లాలో తెల్లారేసరికి పది డిగ్రీల లోపుకు దిగడం మామూలే. సిమెంటు నేల మీద కూర్చోబెడితే పిల్లలు కాళ్లు ముడుచుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని ఉంటారు. నోట మాట రాదు. అందుకని ముందు వాకిట్లోకి తీసుకుపోతాను. తూర్పు గోడ వెచ్చబడేదాకా అక్కడే చాప, అక్కడే పాట, అక్కడే పాఠం.

అవి పత్తి ఏరే రోజులు. తల్లులు పొద్దున్నే పిల్లలను దించి చేనుకు పోతారు. తలకు తువ్వాల చుట్టుకుని, ముఖం కూడా కడగకుండా వచ్చేవాళ్లు కొందరుంటారు. ఆయమ్మ నీళ్లు వేడి చేసి ముఖాలు తుడిచి, పగిలిన బుగ్గలకు కొబ్బరి నూనె రాస్తుంది. మా చలికాలం చదువు చాలా వరకు ఈ నూనె సీసా దగ్గరే మొదలవుతుంది.

ఒకసారి శిక్షణలో చలికాలం పాఠానికంటూ మాకొక చార్టు చూపించారు. అందులో మంచుమనిషి, అతనికి క్యారెట్ ముక్కు, మెడకు ఉన్ని గుడ్డ. దూది అంటించి పిల్లలతో ఆ బొమ్మ చేయించమన్నారు. మా పిల్లల్లో మంచు కురవడం చూసినవాళ్లు ఒక్కరూ లేరు. దూది మాత్రం వాళ్లకు బాగా తెలుసు. అమ్మ పొద్దంతా వంగి ఏరేది, ఇంట్లో మూల గది నిండా పోసి ఉండేది అదే. పత్తిని చూపించి, ఇది పత్తి కాదు, మీరు చూడని ఇంకేదో అనుకోండి అని మూడేళ్ల పిల్లకు చెప్పాలన్నమాట. నాకది మనస్కరించలేదు. మూడు నుంచి ఆరేళ్ల వయసులో పిల్లలు చేతితో తాకినదాన్ని నేర్చుకుంటారు. ఇంటికి పోయి అడగగలిగినదాన్ని, ఇంటి మాటలో చెప్పగలిగినదాన్ని గుర్తుపెట్టుకుంటారు. మా దగ్గర కొందరి ఇంట్లో గోండి, కొందరి ఇంట్లో లంబాడీ, కొందరి ఇంట్లో మరాఠీ. ఏ భాషలోనైనా చెప్పుకోగలిగిన చలికాలం మా వాకిట్లో ఉండగా చార్టులో వెతకాల్సిన పని లేదనిపించింది.

నూనె సంగతికి వస్తాను. కొబ్బరి నూనె 24, 25 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. కాబట్టి డిసెంబర్‌లో మా సీసా తెల్లగా రాయిలా బిగుసుకుని ఉంటుంది. మొదటిసారి అది చూసి ఒక పిల్ల, "నూనె పండుకున్నదా టీచర్?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే పక్క పిల్లగాడు, "ఎండల పెడితే లేస్తది" అన్నాడు. ప్రశ్న వాళ్లదే, జవాబు వాళ్లదే. ఆ జవాబు నిజమో కాదో తేల్చుకునే వీలు కల్పించడమే నాకు మిగిలిన పని.

మూత గట్టిగా ఉన్న చిన్న ప్లాస్టిక్ సీసాలు తీసుకుని సమానంగా నూనె పోసి, రాత్రి గదిలో ఉంచి గడ్డకట్టనిస్తాను. పొద్దున ఒక సీసాను నీడలో పెడతాను. ఒకదాన్ని ఎండ పడే గోడ మీద పెడతాను. మూడోదాన్ని పిల్లలు వంతులవారీగా స్వెటర్ లోపల పొట్టకు ఆనించి పట్టుకుంటారు. ఏది ముందు కరుగుతుందని అడిగి, ఒక్కొక్కరికి ఒక చింతగింజ ఇస్తాను. ఏ సీసా గెలుస్తుందనుకుంటే దాని ముందు గింజ పెట్టాలి. గింజలు లెక్కపెడితే ఎక్కువ ఎక్కడ, తక్కువ ఎక్కడ అన్నది కళ్లకే కనిపిస్తుంది. ఎక్కువ తక్కువలకు ఇంతకంటే మంచి పాఠం నా దగ్గర లేదు. ఎండ బాగా కాసిన రోజు గోడ మీది సీసా గెలుస్తుంది. మబ్బు పట్టిన రోజు స్వెటర్‌లోని సీసాదే గెలుపు. అప్పుడు పిల్లలు తమ పొట్టను తాము తడిమి చూసుకుంటారు.

అయిదేళ్లవాళ్లు ఉంటే ఇంకో మెట్టు ఎక్కిస్తాను. నాలుగో సీసాను ఎవరూ తొడుక్కోని స్వెటర్‌లో చుట్టి నీడలో పెడతాం. స్వెటర్ వెచ్చగా ఉంటుంది కదా, కరగాలి కదా! చాలాసేపు అయినా కరగదు. విప్పి చూస్తారు, మళ్లీ చుడతారు, మళ్లీ విప్పుతారు. వేడి స్వెటర్‌ది కాదు, మనదే, స్వెటర్ దాన్ని పోనివ్వకుండా ఆపుతుంది అని నేను చెప్పను. చెప్పకపోయినా ఎవరో ఒకరు ఆ మాటకు దగ్గరగా వస్తారు. రాకపోతే మర్నాడు మళ్లీ చేస్తాం. ఈ వయసులో తొందర పెట్టడమంత చేటు ఇంకోటి లేదు.

పొగమంచు ఉన్న రోజు నోటి ఆవిరి చూస్తాం. చల్లటి స్టీలు పళ్లెం మీద హా అని ఊది, మసకబారిన చోట వేలితో గీత గీస్తారు. గీత చెరిగిపోయేలోపు పక్కవాడికి చూపించాలి. చామాకు మీద మంచు చుక్కను కింద పడకుండా ఈ కొస నుంచి ఆ కొసకు నడిపించడం ఇంకో ఆట. చేతి నిదానం దానంతట అదే వస్తుంది.

నీడ ఆట కూడా ఈ రోజుల్లోనే బాగా కుదురుతుంది. పిల్లలను నిలబెట్టి పాదాల చుట్టూ, నీడ చుట్టూ సుద్దముక్కతో గీస్తాం. పొద్దున పొడుగ్గా ఉన్న నీడ అన్నం వేళకు కుదించుకుపోతుంది. కానీ డిసెంబర్ చివర మిట్ట మధ్యాహ్నం కూడా మా దగ్గర నీడ దాదాపు పిల్ల ఎత్తంత ఉంటుంది. సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు మరి. అదే మే నెల మూడో వారం వచ్చేసరికి సూర్యుడు నడినెత్తికి వచ్చి, నీడ కాళ్ల కిందికి చేరుతుంది. వేసవి సెలవుల్లో ఇంట్లోనే అది చూసుకోమని పిల్లలకు చెప్పి పంపుతాను.

ఇక ముగ్గు. ధనుర్మాసం మొదలైతే ఊళ్లో ఏ వాకిలి చూసినా సాన్పి చల్లి ముగ్గు వేసి ఉంటుంది. పొద్దున సెంటర్‌కు వచ్చే దారంతా పిల్లలు ముగ్గులు తొక్కకుండా పక్కనుంచి నడుస్తారు. నాకు ఇది ఏడాదిలోకెల్లా మంచి చదువు నెల. ముగ్గు వేసే చేతిని దగ్గరగా చూడండి. బొటనవేలు, చూపుడు వేలు కలిసి పిండిని పట్టుకుంటాయి. మధ్య వేలు కింద ఆసరాగా ఉంటుంది. బొటనవేలు కదిలితే పిండి రాలుతుంది, ఆగితే ఆగుతుంది. రేపు బడిలో పెన్సిల్ పట్టుకోవలసింది ఆ మూడు వేళ్లే. మూడేళ్ల పిల్లకు ముందు గుప్పిటే తెలుసు. పిండినంతా గుప్పెడు పట్టి ఒక్కచోట గుమ్మరిస్తుంది. గుప్పిట నుంచి చిటికెకు రావడానికి వారాలు పడుతుంది. ఆ రావడాన్ని నేను కళ్లారా చూస్తాను. మొదట కుప్పలు, తర్వాత మరకలు, ఆ తర్వాత ఒకరోజు విడివిడిగా చుక్కలు.

మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి అడయారులో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఆమె తయారు చేయించిన కొయ్య సామగ్రిలో చిన్న పిడి ఉన్న దిమ్మెలుంటాయి. పిల్లలు వాటిని అవే మూడు వేళ్లతో ఎత్తి గుంటల్లో పెట్టాలి. ఆ సామగ్రి కొనే స్తోమత మాలాంటి చోట ఉండదు. ముగ్గు పిండి ప్రతి ఇంట్లో ఉంటుంది.

దుకాణంలో దొరికే రాతి ముగ్గు మాత్రం నేను వాడను. చలికి పగిలిన వేళ్లకు మంట పుడుతుంది, కళ్లలో పడితే ఇంకా బాధ. నూకలు విసిరించిన పిండి తెచ్చుకుంటాను. నోట్లో పెట్టుకున్నా భయం లేదు, మర్నాటికి చీమలు, పిచ్చుకలు వాకిలి శుభ్రం చేస్తాయి. చిన్నవాళ్లకు మూడు చుక్కలు, పెద్దవాళ్లకు అయిదు వరుసలు. నడుమ అయిదు, అటు నాలుగు, ఇటు నాలుగు, ఆపై మూడు అని దిగుతూ పోతే ఒకటొకటిగా తగ్గడం చేతికే తెలిసిపోతుంది. బంతి రేకులు, పసుపు, గుమ్మడి పూలతో నింపుతారు. అమ్మాయిలే వేయాలన్న పట్టింపు మా దగ్గర లేదు. పిల్లగాండ్లు కూడా వరుసలో కూర్చుంటారు.

సంక్రాంతికి ముందు ఊళ్లో సకినాలు చుట్టే ఇంటి నుంచి ఒక అవ్వను బతిమాలి సెంటర్‌కు పిలుచుకొస్తాను. తెల్ల గుడ్డ పరిచి, నువ్వులు, వాము కలిపిన బియ్యప్పిండిని వేళ్ల మధ్య మెలిపెడుతూ ఆమె చుట్లు చుడుతుంటే పిల్లలు కదలరు. తర్వాత వాళ్లకు బంకమట్టి ఇస్తాను. ముందు పాములా పొడుగ్గా చేసి, దాన్ని చుట్టగా చుట్టాలి. ఎవరి చుట్ట ఎన్ని వరుసలు తిరిగిందో లెక్క. అవ్వలు పిల్లల చేతులు పట్టుకుని చూపించే తీరు ఏ శిక్షణలోనూ రాదు.

పత్తి చేన్లలో సాలు విడిచి వేసిన కందులు అప్పటికి కాయ పట్టి ఉంటాయి. ఉప్పు వేసి ఉడకబెట్టిన కందికాయలు ఎండలో కూర్చుని ఒలుచుకోవడం చలికాలపు పండగే. కాయ అంచు గోటితో చీల్చాలి, లోపల మూడా, నాలుగా, అయిదా చూసి చెప్పాలి, ఆ తర్వాతే నోట్లోకి.

జాగ్రత్తలు కొన్ని చెప్పి తీరాలి. రేగి గింజ, పత్తి గింజ, పల్లీ గింజ, చింతగింజ ఏదైనా సరే, చిన్నవాళ్లు ముక్కులోనో చెవిలోనో పెట్టుకుంటారు, మింగబోతారు. గింజల ఆట ఆడినంతసేపు నేను గాని ఆయమ్మ గాని పక్కనుంచి లేవం. ఆట అయ్యాక గింజలు లెక్కపెట్టి డబ్బాలో వేసుకుంటాం. చేను నుంచి తెచ్చిన పత్తి ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడగాల్సిందే, దాని మీద మందు కొట్టి ఉంటారు. చలిమంట దగ్గరికి పోవడం ఈ పిల్లలకు ఇంట్లోనే అలవాటు. అందుకే సుద్దతో గుండ్రంగా గీత గీసి, నడుమ ఎర్ర గుడ్డ పెట్టి మంట ఆట ఆడిస్తాను. గీత దాటితే అవుట్. వేలాడే చున్నీ, తువ్వాల కట్టుకుని మంట దగ్గర కూర్చోకూడదని ఆ ఆటలోనే చెబుతాను.

తల్లులు అడిగేది ఒకటే. "టీచరమ్మా, మా పిలగాడు మట్టి పిసుకుతుండు గని అఆలు ఎప్పుడు రాస్తడు? ఆ పక్క పిల్లలు కాన్వెంట్ల నోట్‌బుక్కులు నింపుతున్నరు." వాళ్ల భయం నాకు తెలుసు. పత్తి చేన్ల పడుతున్న కష్టం తమ పిల్లలకు రాకూడదన్న ఆశే ఆ మాటలో ఉంది. నేను వాళ్లను చాప మీద కూర్చోబెట్టి, "అక్కా, మీ పిలగాడు ముగ్గు ఎట్ల పట్టుకుంటుండో ఒక్కసారి చూడు" అంటాను. చిటికె కుదిరిన పిల్లవాడికి అక్షరం రెండు నెలల ముందో వెనకో వస్తుంది. చిటికె కుదరకముందే పెన్సిల్ ఇస్తే గుప్పిటతో పట్టి, వేళ్లు నొప్పి పుట్టి, రాయడమంటేనే మొహం తిప్పుకుంటాడు. జాతీయ విద్యా విధానం 2020 కూడా మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు ఆటతోనే చదువు సాగాలని చెప్పింది. మాకు కాగితం మీద ఉన్న ఆ మాట, వాకిట్లో అమలు కావాలంటే తల్లుల ఒప్పుదల కావాలి.

అక్కలూ, అమ్మలూ, మీతో ఒక మాట. ఈ సంక్రాంతికి మీరు వాకిట్లో ముగ్గు వేసేటప్పుడు పక్కన జానెడు జాగా మీ పిల్లలకు విడిచిపెట్టండి. గిన్నెలో కాస్త బియ్యప్పిండి ఇవ్వండి. గీత వంకర పోయిందని మీరు దిద్దకండి, బట్టలు ఖరాబయ్యాయని తిట్టకండి. పొద్దెక్కాక సెంటర్‌కు పంపండి, స్వెటర్ గుండీలు మాత్రం వాళ్లనే పెట్టుకోనివ్వండి.