బిడ్డలకు గాలపు విద్య

సోదరీమణులారా, మా పెనుమూడివంటి యేటియొడ్డు గ్రామములలో బిడ్డలను నీటికి దూరముగ నుంచుట తల్లులకు సాధ్యము గాదు. ఇటు మా రేవు, అటు పులిగడ్డ, నడుమ కృష్ణ. కూడదన్నకొలది పిల్లలు చాటుగ పోవుదురు; చాటుగ పోయిన బిడ్డను కనిపెట్టి యుండువారెవరు? కావున మేము నిషేధమునకు మారుగ నేర్పునే యెంచుకొంటిమి. ఆ నేర్పునకు మొదటి బడి రేవు గాదు, ఇంటి పెరడు.

గాలము పట్టుట మర్యాద గాదనియు, ఆడుపిల్లకు బొత్తిగ తగదనియు తలచువారు గలరు. మా అత్తగారును మొదట నట్లే యనిరి. కాని చాళుక్యప్రభువగు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున సంస్కృతమున రచించిన మానసోల్లాసములో రాజోచిత వినోదములలో మత్స్యవినోదమును జేర్చి వివరించియున్నాడు. ఇంగ్లండున 1496లో అచ్చుపడిన గాలపు గ్రంథమును జూలియానా బెర్నర్సను సన్యాసిని రచించెనని చిరకాలముగ చెప్పుకొనుచున్నారు. ఈ మాటలు వినిపింపగా అత్తగారు నవ్వి యూరకుండిరి.

ఇక పరికరములు. మన వాడుక గాలమునకు సన్నని వెదురుకర్ర, నైలాను దారము, బెండు, చిన్న సీసపుగుండు చాలును. బిడ్డ యొంటిచేత కొంతసేపు పట్టినను అలయనంత తేలిక కర్రనే తీసికొనవలెను.

పాశ్చాత్యులకు ప్రీతియైన ఈగ గాలము వేఱు. ఈకలతోను దారముతోను గట్టిన కృత్రిమపుటీగకు బరువుండదు. అందుచే దారమే బరువుగ నుండి దానిని మోసికొనిపోవును. కర్రపైనను దారపు పెట్టెపైనను అంకె యుండును. 5వ అంకె కర్రకు 5వ అంకె దారమే కొనవలెను. పెద్దలకు 9 అడుగుల కర్ర వాడుక. పిల్లలకు 8 అడుగులకు మించనిది మేలు. చక్రము దారము చుట్టుటకే గాన ఆరంభమున దానికై ఎక్కువ సొమ్ము వెచ్చింప నక్కఱలేదు.

సాధనకాలమున గాలమే వలదు. దారపు కొనకు ఎఱ్ఱ ఉన్నిపోగు ముడివేసి, 20 అడుగుల దూరమున నొక చేటను గుఱిగ నుంచుడు. కర్రను వెనుకకు తెచ్చి, తల దాటిన వెంటనే గట్టిగ నాపవలెను. దారము వెనుక చక్కగ సాగిన పిమ్మటనే ముందునకు విసరి, కర్రను కనులయెత్తునకు కొంచెము పైననే మరల నాపవలెను. తొందరపడినచో దారము కొరడావలె చెళ్లుమనును. బలముకంటె ఆగుటయే ముఖ్యము. మా చిన్నది ‘సీతారామ’ యని మెల్లగ పలికి విసరుట యలవాటు చేసికొన్నది. అన్నకంటె ముందుగ నామె యున్నియే చేటలో బడినది!

గాలము కట్టిననాడు మాత్రము కట్టుదిట్టములు తప్పవు. కొక్కెపు ముల్లును పట్టుకారుతో నొక్కివేయుడు. కన్నులకు అద్దములు, తలకు టోపి పెట్టుడు. వెనుక నెవరును లేకుండ జూడుడు. పెద్దవారు తోడులేక యేటికి పంపకుడు, నీటిలోనికి దిగనీయకుడు. 2024 సెప్టెంబరులో ప్రకాశం ఆనకట్టనుండి సెకనుకు 11 లక్షల ఘనపుటడుగులకు పైగ వరద దిగువకు వచ్చినది. వరదకాలమున రేవు పేరెత్తవలదు. పెరటి సాధనయే సాగవలెను.

చిన్న చేప పడినచో చేయి తడిపి పట్టి, మరల నీట విడువ నేర్పుడు. ఓర్పు, జాగ్రత్త, దయ యను మూడును చేతికి వచ్చిన బిడ్డను యేటియొడ్డున జూచి తల్లి యంతగా బెదరనక్కఱలేదు.