ఒకే గిన్నె

ఫాండ్యూను స్విట్జర్లాండు జాతీయ వంటకంగా 1930లలో ప్రచారం చేసింది అక్కడి చీజు వ్యాపారుల సంఘమే. కరిగిన చీజు గిన్నె చుట్టూ ఇంటిల్లిపాదీ చేరి, రొట్టెముక్కలు ముంచుకొని తింటారు.

సంక్రాంతికి కడప వెళ్ళినప్పుడు అమ్మకు దాన్ని రుచి చూపాలనుకొన్నాను. ద్రాక్షసారాకు బదులు నిమ్మరసం పిండాను. చీజు ముద్దకట్టకుండా కాపాడేది ఆ పులుపే. మొక్కజొన్న పిండీ కలిపాను. అయినా తొందరపడి మంట పెంచిన పాపానికి చీజు ఉండలా బిగిసి, నూనె వేరుగా తేలింది.

అమ్మ తొంగిచూసింది. "సంగటైనా ఇంతే అబ్బీ. సన్నమంట మీద గెలకాల, చెయ్యి నిలపగూడదు" అంటూ గరిటె అందుకొంది. మరికాస్త నిమ్మరసం, నీళ్ళలో కలిపిన పిండి పోశాం. మెల్లగా అది దారికొచ్చింది.

నాన్న పోయినప్పటినుండి అమ్మ వంటింట్లో నిలబడే రెండు ముద్దలు తిని ముగిస్తోందని చెల్లెలు చెప్పివుంది. ఆ రాత్రి గిన్నెకు అటూ ఇటూ కూర్చొని, రొట్టెతోబాటు సంగటి ముద్దనూ తుంచి ముంచుకొన్నాం. మూడోసారి ముంచుతూ, "మీ నాయనైతే ఇంత పులుపు తినలేకపోవు" అంది. ఏడాదిగా ఆయన మాట ఆమె నోట రావడం అదే మొదలు.

అడుగున మిగిలే మాడుచెక్కే అన్నిటికన్నా రుచి అని స్విస్ వాళ్ళూ అంటారు. దాన్ని గీకి ఆమె చేతిలో పెట్టాను.